పియానో కచేరీకి సేఫ్టీ ట్రాక్

“మధ్యలో మరచిపోతే ఏం చేస్తావే?”

మా అమ్మాయి భువనని నేను ఈ మాట అడిగేనాటికి కచేరీకి ఇంకా నలభై రోజులుంది. హాలు ఖాయం కాలేదు. ఏమేం వాయించాలో దానికే తేలలేదు. అయినా తల్లిని కదా, ముందునుంచే రోజుకి కొంచెం చొప్పున భయపడుతూ వస్తే, ఆ రోజుకి భయం మొత్తం ఒక్కసారే మీద పడదు.

పాఠకులారా, నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సంగీత కచేరీలో సంగీతం ఎంత తక్కువగా ఉంటే అంత క్షేమం! ఈ రోజుల్లో పాటకీ పాటకీ మధ్య ఒక యాంకరునీ, ఒక వీడియోనీ, ఒక కష్టాల కథనీ, ఆ కథ వెనకాల ఒక ఏడుపు వయొలిన్‌నీ పెడుతున్నారు. కొందరు పెద్దలు దీన్ని చూసి విసుక్కుంటున్నారు. విసుక్కోకండి. ఇది వరం.

అవన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక పిల్ల, ఒక పియానో, ఎదురుగా రెండు వందల మంది జనం. మధ్యలో అడ్డం ఏమీ లేదు. వాళ్లు నిజంగానే వినేస్తే ఎవరు బాధ్యులు?

నేను చదివింది పదో తరగతి. సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ, ప్రమాదాల గురించి తెలిసింది ఎక్కువ. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

ముందు మా ఇంట్లోకి పియానో ఎలా వచ్చిందో చెప్పాలి. మాది భీమవరం పక్క. ఇరవై అయిదేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో ఉంటున్నాం. మా ఆయన త్రినాథరావు గారు షూటింగులకి సామాను సప్లై చేస్తారు. సెట్లో కనపడే సోఫాలు, గోడ గడియారాలు, జమీందారు గారి పులితల, డాక్టరు గారి బల్ల, ఇవన్నీ షేక్‌పేటలోని మా గోడౌన్ నుంచి వెళ్లేవే. పన్నెండేళ్ల కిందట ఎక్కడో ఒక పాత క్లబ్బు ఖాళీ చేస్తుంటే ఆయన ఒక పియానో తెచ్చారు. హీరోయిన్ పుట్టినరోజు పార్టీలో హీరో కూర్చుని బాధపడాలంటే పియానో ఉండాలి కదా. కింద పెట్టడానికి ఆ రోజు గోడౌన్‌లో చోటు లేక మా హాల్లో దింపించారు.

హీరోలు బాధపడటానికని వచ్చిన ఆ పియానో ముందు మా తొమ్మిదేళ్ల భువన కూర్చుని ఒక మెట్టు నొక్కింది. అది మోగడం ఆగేదాకా చెవి ఆనించి విన్నది. ఇంకొకటి నొక్కింది. ఇప్పుడు దానికి ఇరవై ఒకటి. ఇంకా లేవలేదు.

అసలు ఆ పియానోకి మా అమ్మాయికంటే ఎక్కువ కాల్షీట్లు ఉండేవి. సోమవారం షూటింగ్‌కి వెళ్తే గురువారం వచ్చేది. మెట్ల మధ్య మెరుపుల పొడి, ఒకసారి కేకు క్రీము, ఒకసారి చామంతి రేకులు. ఒక పాట కోసం దానికి తెల్ల ఎనామిల్ వేశారు, ఇంకో పాట కోసం మళ్లీ నల్లది వేశారు. ఆ తిరుగుళ్లలో ఐదు మెట్లు మోగడం మానేశాయి. హీరో వేళ్లు వాటి మీద కూడా పడుతూనే ఉండేవి, ఎవరికీ తేడా తెలియలేదు.

పియానో షూటింగ్‌లో ఉన్న రోజుల్లో భువన ఏం చేసేదంటే, అదే కొలతలతో చేయించిన ప్లైవుడ్ డమ్మీ మీద ప్రాక్టీసు చేసేది. నొక్కితే గోళ్ల చప్పుడు తప్ప ఏమీ రాదు. గంటలకొద్దీ టకటకమని. మధ్యలో తలూపుతూ, కళ్లు మూసుకుంటూ. నేను చూసి, పిల్లకి ఏదో గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించాను.

దానికి నేర్పింది సికింద్రాబాద్ నుంచి వచ్చే లీలాకుమారి గారు. ముప్ఫై ఏళ్లు స్కూళ్లలో పాఠాలు చెప్పిన మనిషి. ఒకసారి నాతో అన్నారు, “అమ్మాజీ గారూ, ఆ ఐదు మెట్లూ మీ అమ్మాయికి లోపల వినపడుతున్నాయండీ.”

“లోపల చప్పుళ్లు వినపడటం మంచిది కాదు కదండీ. చెవి డాక్టరుకి చూపించమంటారా?” అన్నాను.

ఆవిడ కాఫీ తాగేసి వెళ్లిపోయారు.

ఇక కచేరీ సంగతి. జూబ్లీ హిల్స్‌లో ఒక పాత బంగళాని కింద కాఫీ హోటలుగానూ, పైన హాలుగానూ మార్చి నడుపుతున్న అమ్మాయి మనోజ. నెలకొక కార్యక్రమం పెడుతుంది. ఈసారి పేరు ‘స్టోరీస్ ఆఫ్ రెసిలియెన్స్’. ఒక్కరే కళాకారిణి, ఒక్క పియానో, ఒక్క సాయంత్రం. భువన వాయించిన వీడియో ఎవరో పంపిస్తే చూసి మా ఇంటికి వచ్చింది.

“టాలెంట్ సూపర్ ఆంటీ. కానీ జర్నీ ఏంది? స్ట్రగుల్ ఏంది? ఆడియెన్స్ కనెక్ట్ గావాలె కదా.”

“రెసిలియెన్స్ అంటే ఏంటమ్మా?”

“పడిపోయినంక మళ్ల లేచుడు ఆంటీ.”

“ఎప్పుడు పడింది? ఎక్కడ పడింది? నాతో చెప్పనేలేదే?” అని భువన మోకాళ్లు తడిమి చూశాను.

భువన తన కాళ్లు వెనక్కి లాక్కుంది. “నేను పడలేదు. కథ వద్దు మనోజా. నేను యాభై నిమిషాలు వాయిస్తాను. వాళ్లు వింటారు. ఇంటికెళ్తారు.”

“వినుడు ఒక్కటేనా?” అంది మనోజ, నిజంగానే జాలిపడుతూ. “టికెట్ పెట్టి వచ్చెటోళ్లు ఉట్టిగ వింటరా?”

చివరికి ఒప్పందం కుదిరింది. మొదటి స్వరం మోగకముందు ఎవరేం చేసుకున్నా భువన అడ్డు చెప్పదు. వీడియో వేసుకోవచ్చు, యాంకరు ఏడవచ్చు. మొదటి స్వరం మోగిన తర్వాత ఎవరూ ఏమీ చెయ్యకూడదు.

ఆ ‘ఎవరూ’లో ముందు నేను ఉన్నానని దానికి తెలుసు. ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి చెయ్యి చాచింది.

“అమ్మా, ఇన్నేళ్లుగా వాయిస్తున్నాను. నా చేతులతో నేను వాయించింది మొదటినుంచి చివరిదాకా ఎవరూ వినలేదు. ఒక్క సాయంత్రం నువ్వేం చెయ్యకు. ఒట్టెయ్యి.”

దాని అరచేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. శెనగపిండి చెయ్యి. పాఠకులు గమనించాలి, పిండి చేత్తో వేసిన ఒట్టు సరిగ్గా అంటుకోదు.

కథ రాసిపెట్టడానికి మా పైఫ్లాట్ బసవపున్నయ్య గారిని పిలిచాను. ముప్ఫై ఏళ్లుగా సినిమా కథాచర్చల్లో కూర్చుంటున్న మనిషి. ఎవరి సినిమాలో ఎవరికి ఏ కష్టం రావాలన్నా ఆయన్ని అడగాల్సిందే. నోటు పుస్తకం, పెన్నూ పట్టుకుని వచ్చి పెసరట్టు ముందు కూర్చున్నారు.

“కష్టం ఎక్కడుందమ్మా?” అని అడిగారు, డాక్టరు నొప్పి ఎక్కడని అడిగినట్టు.

“దేవుడి దయవల్ల ఏమీ లేదండీ.”

“అలా వదిలేస్తే ఎలా? వెతకండి.”

వెతికాం. ఆరో ఏట టైఫాయిడ్ వచ్చింది. “తగ్గిపోయిందా?” అన్నారు. తగ్గిపోయిందన్నాను. “అయితే పనికిరాదు,” అని కొట్టేశారు.

“పోనీ తండ్రి లేడనుకుందాం.”

మా ఆయన అప్పటికి రెండో పెసరట్టు మీద ఉన్నారు. “నేనిక్కడే ఉన్నానండీ,” అన్నారు.

“కచేరీకి కూడా వస్తారా?”

“వస్తానండీ.”

“రాకుండా వీలవుతుందేమో చూడండి,” అని బసవపున్నయ్య గారు పేజీ తిప్పారు. “నాయనమ్మకి చూపు పోతుంది. మనవరాలు వాయిస్తుంటే, ఆ నాదానికి...”

“మా అత్తగారు పొద్దున్నే సూదిలో దారం ఎక్కించారండీ.”

“మీ ఇంట్లో ఎవరూ సహకరించడం లేదమ్మా. అయితే పాపకే కుడిచెయ్యి...”

“అనకండి, తథాస్తు దేవతలుంటారు,” అని లేచి వెళ్లి దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చాను.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న భువన అంది, “ఐదు మెట్లు మోగని పియానో మీద నేర్చుకున్నాను. అది లేనప్పుడు చెక్క మీద నేర్చుకున్నాను. ఇది రాయండి అంకుల్, చాలు.”

బసవపున్నయ్య గారు కొంచెంసేపు నిజంగానే ఆలోచించారు. “అది కష్టం కాదమ్మా,” అన్నారు. “మెయింటెనెన్స్.”

చివరికి వీడియో తయారైంది. జోరువాన, ఒక ఆటో, గాలికి ఆరిపోబోయి ఆగిన దీపం, బడి గోడ పక్కన ఏడుస్తున్న ఒక పాప. ఆ పాప ఎవరని అడిగాను. ఎప్పుడో ఎవరికోసమో తీసి ఉంచిన స్టాక్ షాటట. చూస్తుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మరి చూడండి దీని గొప్పతనం! ఒక పిల్ల పన్నెండేళ్లు రోజుకి నాలుగు గంటలు కూర్చుని ఒక పని నేర్చుకుందంటే ఎవరైనా నమ్ముతారా? వాన పడితే నమ్ముతారు.

ఇంతవరకు నేను ఒట్టు తప్పలేదు. నన్ను తప్పించింది కమలాకర్.

కమలాకర్ అంటే హాలుకి సౌండు పెట్టే మనిషి. కచేరీకి మూడు రోజుల ముందు భువన అక్కడి పియానో చూసుకోవడానికి వెళ్తే, నేను పెరుగన్నం డబ్బా పట్టుకుని వెనకాలే వెళ్లాను. అది లోపల ఉండగా కమలాకర్ నన్ను పక్కకి పిలిచాడు.

“అమ్మా, ట్రాక్ ఏది?”

“ఏం ట్రాక్ బాబూ?”

“పాప వాయించే ట్రాక్. నేను ఇరవై ఏండ్ల సంది ఫంక్షన్లు జేస్తున్న. ఆడియో ఫంక్షన్ గానీ, సంగీత్ గానీ, ట్రాక్ లేకుంట స్టేజీ ఎక్కించిన మనిషి లేడు. లైవ్ అంటే రిస్క్ అమ్మా. నడుమల ఆగిపోయిందనుకోండ్రి, ఏం జేస్తరు?”

ఆగిపోతే! ఇన్నాళ్లుగా నేను ఒక్కదాన్నే మోస్తున్న మాట. ఒక పరాయి మనిషి, అందులోనూ అనుభవం ఉన్నవాడు, తనంతట తాను అన్నాడు. ఆ క్షణంలో కమలాకర్ నాకు తోడబుట్టినవాడిలా కనిపించాడు.

“ఏం ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు. “ఇంట్ల వాయించింది ఫోన్ల రికార్డు జేసి ఇయ్యుండ్రి. ఆఖరి పాటొక్కటి చాలు, గదే పెద్దది గదా. పాప మొదలువెట్టంగనే నేను ట్రాక్ గూడ మొదలువెడ్త. లోపల్లోపల నడుస్తుంటది, సౌండ్ బయటికి రాదు. పాప ఆగితే సౌండ్ లేపుడే. పిట్టకు గూడ తెల్వదు.”

“ఆగిందని నీకెలా తెలుస్తుంది?”

“నాకు ఆ ఇంగ్లీషు పాట తెల్వదు. మీరు సైగ జెయ్యుండ్రి.”

నేను కొంగు తల మీద వేసుకుంటే ఆగినట్టు. అలా అనుకున్నాం.

ఇది ఒట్టు తప్పడం ఎలా అవుతుంది? మీరే చెప్పండి. ఏమీ చెయ్యనన్నాను. ఏమీ జరగకపోతే ఏమీ చెయ్యను. గొడుగు పట్టుకెళ్లినంత మాత్రాన వాన కురిపించినట్టా?

మర్నాడు మధ్యాహ్నం భువన ప్రాక్టీసు చేస్తుంటే ఫోను రికార్డింగ్‌లో పెట్టి వంటింటి కిటికీలో, పోపుల డబ్బా పక్కన ఉంచాను. వంటింటికీ హాలుకీ మధ్య అదొక్కటే కిటికీ. తర్వాత చెవికి పెట్టుకుని మొదటి రెండు నిమిషాలు విన్నాను. బాగా వచ్చింది. కమలాకర్‌కి పంపించేశాను.

కచేరీ రోజు హాలు నిండింది. ముందు వరసలో సినిమావాళ్లు, వెనక వరసల్లో కాఫీ తాగడానికి వచ్చి పైకి ఎక్కినవాళ్లు. వీడియో వేశారు. వాన పడింది, పాప ఏడ్చింది, ముందు వరసలో ఒకావిడ కర్చీఫు తీసింది. యాంకరు గొంతు జీరబోయింది. తర్వాత దీపాలు తగ్గించారు. భువన వచ్చి కూర్చుంది. బూడిదరంగు చీర, మెడలో ఏమీ లేదు. ‘కనీసం గొలుసైనా వేసుకోలేదు, దిష్టి తగులుతుంది’ అనుకున్నాను.

వాయించడం మొదలుపెట్టింది. ఎలా వాయించిందని అడగకండి. నేను విన్నది తప్పు వస్తుందేమోనని. మొదటిది అయిపోయింది, తప్పు రాలేదు. రెండోది అయిపోయింది, రాలేదు. నా పక్కన మా ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రేమోనని గిల్లాను. “వింటున్నానే,” అన్నారు.

ఆఖరిది మొదలైంది. ఎవరో పెద్ద పేరున్న విదేశీయుడు రాసిందట. పన్నెండు నిమిషాలు. వాన ముందు మబ్బులా కమ్ముకుని, పెరిగి పెరిగి, భువన రెండు చేతులూ ఒక్కసారి గట్టిగా దిగాయి. ఆ తర్వాత లేచాయి. లేచి, మెల్లగా వచ్చి ఒళ్లో పడ్డాయి.

ఆగిపోయింది.

ఒకటి. రెండు. హాల్లో దగ్గు లేదు, కుర్చీ చప్పుడు లేదు. మూడు. భువన తల వంచుకుని ఉంది. కళ్లు తిరుగుతున్నాయేమో! పొద్దున ఇడ్లీ సగం వదిలేసింది. నాలుగు. మరచిపోయింది. అంతమంది ముందు మరచిపోయింది. రేపు ఫోన్లలో తిప్పుతారు. నా చెయ్యి నేను చెప్పకుండానే కొంగు అందుకుంది. “ఉండవే,” అని మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. ఏసీ చలికి కప్పుకున్నానని తర్వాత అందరితోనూ అన్నాను. మీతో మాత్రం నిజం చెబుతున్నాను. చలి లేదు.

కమలాకర్ మాట తప్పే మనిషి కాదు. సౌండు లేపాడు.

ముందుగా హాలంతా మా కుక్కరు కూత వేసింది. నాలుగు స్పీకర్లలోంచి. ఆ వెనకే నా గొంతు, ఇంటి గోడంత ఎత్తుగా:

“ఏమైందే? ఆగిపోయావేంటి? వేలు పట్టేసిందా? నీళ్లు తెమ్మంటావా?”

ఇంకో కూత. దాని తర్వాత, కొంచెం దూరంగా, ఓపికగా, భువన గొంతు: “ఏం లేదమ్మా.” వెంటనే పియానో మొదలైంది.

వేదిక మీద భువన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. తల ఎత్తి స్పీకరు కేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. కొంగు ఇంకా నా తల మీదే ఉంది.

అది మళ్లీ మెట్ల మీద చెయ్యి వెయ్యలేదు. మిగిలిన నాలుగు నిమిషాలూ స్పీకర్లే వాయించాయి. పోపు చిటపటలతో సహా. అది అలాగే, చేతులు ఒళ్లో పెట్టుకుని, వేరే ఎవరి కచేరీకో వచ్చినట్టు కూర్చుని విన్నది.

అయిపోయాక హాలు ఏమైందనుకున్నారు? లేచి నిలబడింది! చప్పట్లు ఆగలేదు. మనోజ మైకు పట్టుకుని అంటోంది: “వాట్ ఎ కాన్సెప్ట్. ఫాల్ అయినప్పుడు లేపేది ఎవరు? మదర్ వాయిస్. దిస్ ఈజ్ రెసిలియెన్స్.” ముందు వరసలో ఒక దర్శకుడు కళ్లు ఒత్తుకున్నాడు. బసవపున్నయ్య గారు నా దగ్గరికొచ్చి, “కుక్కరు ఐడియా నాకు రాలేదు చూశారా,” అని బాధపడ్డారు.

ఒక హీరోయిన్ గారి తల్లి భువన చెయ్యి పట్టుకుని మెచ్చుకుంది. “మొత్తం ట్రాకేనటగా అమ్మా. అయినా వేళ్లు ఎంత బాగా కలిపావు. ఎక్కడా సింక్ పోలేదు.”

భువన ఆవిడకి నమస్కారం పెట్టింది. పెట్టి, మెట్లు దిగి, కారెక్కి కూర్చుంది.

లీలాకుమారి గారు అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చారు. కోపం లేదు ఆవిడ మొహంలో. ఉంటే బాగుండేది. “అమ్మాజీ గారూ, అది మరచిపోవడం కాదండీ. అక్కడ ఆగమని పాటలోనే రాసి ఉంది,” అని చెప్పి, మెట్రోకి టైమవుతోందని వెళ్లిపోయారు.

పాఠకులారా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా? యాభై నిమిషాల్లో నలభై ఆరు నిమిషాలు మా అమ్మాయి తన చేతులతో వాయించింది. ఎవరికీ గుర్తు లేదు. కుక్కరు గుర్తుంది! శ్రీనగర్ కాలనీ నుంచి చుట్టాలు ఫోను చేసి కుక్కరు గురించే అడిగారు. వారం తిరగకుండా మనోజ మెసేజ్ పెట్టింది: వైజాగ్‌లో షో ఖాయమట, ఆంటీ కూడా స్టేజీ మీద ఉండాలట, ‘సేమ్ కుక్కర్ తీసుకురాండ్రి’ అని. అడ్డాలు లేని కచేరీ అయితే ఇంత గౌరవం దక్కేదా? ఎవరైనా విని, ఏమీ మాట్లాడకుండా ఇంటికి వెళ్లి, మంచం మీద పడుకుని పైకప్పు కేసి చూస్తూ ఉండిపోతే మనకేం లాభం?

ఒక్క చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. భువన నాతో మాట్లాడటం మానేసింది.

అరవలేదు. తలుపులు ధడాలున వెయ్యలేదు. కచేరీ మర్నాడే వాళ్ల నాన్నతో చెప్పి పియానోని షేక్‌పేట గోడౌన్‌కి పంపించేసింది. రోజూ పొద్దున్నే స్కూటీ వేసుకుని అక్కడికి వెళ్తుంది, అన్నం వేళకి వస్తుంది. పెట్టింది తింటుంది. “ఇంకొంచెం వెయ్యనా?” అంటే తల అడ్డంగా ఊపుతుంది. “తలనొప్పా?” అంటే ఊపుతుంది. “జ్వరమా? కోపమా? నేనంటే అసహ్యమా?” అంటే కంచం తీసుకుని లేచిపోతుంది. నేను మామూలుగా వెయ్యి రకాల అనర్థాలు ముందే ఊహించి పెట్టుకునే మనిషిని. ఇది మాత్రం నా జాబితాలో లేదు.

హాల్లో పియానో ఉన్నచోట నేల మీద నాలుగు తెల్లటి గుండ్రాలు మిగిలాయి. తుడిచినా పోవు.

పదకొండు రోజులు చూశాను. పన్నెండో రోజు ఆటో ఎక్కి షేక్‌పేట వెళ్లాను. చెప్పకుండా. వద్దంటుందేమోనన్న భయంతో.

గోడౌన్ తలుపు తీసే ఉంది. లోపల పియానో, దాని చుట్టూ దుమ్ము పట్టిన రాజుల కిరీటాలు, పోలీస్ స్టేషన్ బోర్డులు. భువన వాయిస్తోంది. నేను వచ్చింది చూసింది. ఆపలేదు, పలకరించలేదు. ఖాళీగా కూర్చునే చోటు ఒక్కటే కనపడింది. కోర్టు సీనుకి వాడే బోను. అందులోకి వెళ్లి చిన్న స్టూలు మీద కూర్చున్నాను.

అదే పాట. పెరిగింది, పెరిగింది. రెండు చేతులూ దిగాయి. లేచాయి. ఒళ్లో పడ్డాయి.

నా నోటిదాకా వచ్చేసింది, ‘ఏమైందే’ అని. బోను కర్ర గట్టిగా పట్టుకున్నాను. కళ్లు తిరిగాయేమో అనుకున్నాను. అనలేదు. ఇక్కడ పాములుంటాయేమో అనుకున్నాను. అనలేదు. కరెంటు వైరు ఏదైనా తగిలిందేమో, నీళ్ల బాటిల్ తెచ్చుకుందో లేదో, దీని పెళ్లి ఎలా అవుతుందో, అన్నీ వరసగా వచ్చాయి. ఒక్కటీ అనలేదు.

అప్పుడు తెలిసింది, ఆగలేదని. చేతులు ఆగాయి గానీ కాలు కింద మీటని తొక్కే ఉంది, ఆ చివరి మోత చెక్కలో ఇంకా తిరుగుతోంది. సన్నగా, ఇంకా సన్నగా, అది ఎటు పోతోందో చూడాలని నేను ముందుకి వంగాను. పన్నెండేళ్లు అదే చప్పుడు పక్కన వంట చేశాను. దీన్ని ఎప్పుడూ వినలేదు. వినే అవకాశం ఉండనిచ్చిందెవరు? యాంకర్లా? కమలాకరా? వాళ్లు మా కుటుంబంలోకి వచ్చి నెల కూడా కాలేదు.

ఫ్లైఓవర్ మీద లారీ ఏదో హారన్ కొట్టి పోయింది. ఆ తర్వాత కూడా భువన కాసేపు ఆగింది. మోత పూర్తిగా పోయాక, చాలా మెల్లగా, మళ్లీ మొదలుపెట్టింది. చివరిదాకా వాయించింది.

నేను చప్పట్లు కొట్టలేదు. బోనులోంచే అడిగాను.

“అక్కడ ఎప్పుడూ అంతసేపు ఆగాలా?”

భువన గుడ్డ తీసి మెట్లు తుడవడం మొదలుపెట్టింది. ఎడమ చివరినుంచి. ఒక్కొక్కటే, నల్లవి, తెల్లవి. మళ్లీ అడగబోయి ఊరుకున్నాను. మధ్యకి వచ్చింది. కుడివైపు వెళ్లింది. మోగని మెట్లు కూడా తుడిచింది. గుడ్డ మడిచింది, మూత వేసింది, మూత మీద చేతులు పెట్టి కూర్చుంది. బయట ఎండ జరిగి గుమ్మం దాటి వచ్చింది. నేను కదల్లేదు.

“తెలీదమ్మా,” అంది చివరికి. “నువ్వు వింటుండగా అక్కడ పూర్తిగా ఆగడం ఇవాళే మొదటిసారి.”